పెద్దింటి డిస్కు

కళాశాలలో పాత సర్వరును తీసేస్తూ దాని డిస్కు నాకప్పగించారు. పదిహేనేళ్ళుగా మా విద్యార్థులు ఊళ్ళమ్మట తిరిగి రికార్డు చేసిన స్త్రీల పాటలన్నీ అందులోనే! పాడిన ముసలమ్మల్లో చాలామంది ఇప్పుడు లేరు.

తీరా చూస్తే అది ఇళ్ళలో వాడే శాటా రకం కాదు, శాస్ రకం. చూపులకు రెండూ కవలలే. కాని శాటా డిస్కు మూతిలో నడుమ ఉండే సందు శాస్ డిస్కులో పూడి ఉంటుంది. మన కేబులు దూరదు. శాటా డిస్కు వస్తే మాత్రం శాస్ సర్వరు కాదనదు. పెద్దింటివారి మర్యాద!

చవక ఎడాప్టర్లున్నాయి. మూతి కలిసినా మాట కలవదు. మదరుబోర్డులోని శాటాకు శాస్ భాష రాదు. శాస్ కంట్రోలరు కార్డే బిగించాలి. మా అబ్బాయి పాతదొకటి తెచ్చి బిగించాడు.

డిస్కు గిర్రుమంది. కాసేపటికి వంటింట్లోంచి మా ఆవిడ, "ఎవరండీ ఆ పాడేది?" అంది.