రాత్రికి రాత్రి ఢిల్లీ చేరిన పాట



ఢిల్లీలో చలి ముదిరింది. పొద్దున ఏడైనా మయూర్ విహార్‌లో మా ఎదుటి బ్లాకు కనబడటం లేదు. అన్నీ చెవితోనే పోల్చుకోవాలి. కింద గేటు కిర్రుమంటే పాలొచ్చినట్టు, పక్కింటి తమిళ మామిగారి వంటింట్లోంచి సుప్రభాతం వినిపిస్తే ఐదున్నర అయినట్టు. ఆ గొంతు ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు. ఈ ఉత్తరం ఆ గొంతు గురించే. అయితే నేను చెప్పబోయేది మీకు బాగా తెలిసిన ఆ పెద్దావిడ సంగతి కాదు.

పోయిన ఉత్తరానికి వచ్చిన జవాబుల్లో తెనాలి నుంచి ఒక కాలేజీ అమ్మాయి రాసింది: “పాటా పాడుతూ, నలుగురికీ సాయమూ చేసే కుర్ర గాయని ఎవరైనా మీ ఢిల్లీలో ఉంటే రాయండి. ఒక రకం పాటకే కట్టుబడకుండా అటూ ఇటూ దాటే క్రాసోవర్ సింగర్ అయితే మరీ మంచిది.” సాయం మాట రాగానే ఎవరికైనా పలక్ ముచ్ఛల్ గుర్తుకొస్తుంది. ఇందోర్ పిల్ల. 1999లో కార్గిల్ యుద్ధం జరుగుతున్నప్పుడు, ఏడేళ్ల వయసులో, దుకాణాల ముందు నిలబడి పాడి సైనికుల కుటుంబాల కోసం డబ్బు పోగుచేసింది. తర్వాత గుండెజబ్బు పిల్లల ఆపరేషన్ల కోసం పాడటం మొదలుపెట్టి ఇప్పటికీ ఆపలేదు. ఆ ఆపరేషన్ల లెక్క మూడు వేలు దాటిందని ఆ మధ్య పేపర్లలో చదివాను. ‘ఆషికీ 2’ పాటలతో దేశమంతా తెలిసింది. గొప్ప సంగతే, కానీ అది ఇందోర్ కథ, ముంబై కథ. అమ్మాయ్, నువ్వు ఢిల్లీ కథ అడిగావు. అందుకని నేను ఎనభై ఏళ్లు వెనక్కి వెళ్తున్నాను. కోప్పడకు.

ఎం.ఎస్. సుబ్బులక్ష్మి అనగానే మన కళ్లముందు ఒకే బొమ్మ. పట్టుచీర, రెండు వైపులా మెరిసే ముక్కుపుడకలు, నెరిసిన జుట్టు, మూసిన కళ్లు. ఆ బొమ్మ వెనక ఇరవై ఎనిమిదేళ్ల, ముప్ఫై ఏళ్ల మనిషి ఒకామె ఉందని మరిచిపోతాం. ఇళ్లల్లో పూజగదిలో పెట్టేసుకున్న వాళ్లకు వయసు ఉండదు కాబోలు.

1916 సెప్టెంబరు 16న మదురైలో పుట్టింది. తల్లి షణ్ముగవడివు వీణ వాయించేది, అమ్మమ్మ అక్కమ్మాళ్ ఫిడేలు. దేవదాసీ కుటుంబం. ఆ ఇంట్లో ఆడపిల్లకు పాట ఎంత సహజంగా వస్తుందో, దాంతోపాటు వచ్చే బతుకూ అంత సహజమని లోకం అనుకునే రోజులు. 1936లో ఆమె ఆ ఇల్లు విడిచి మద్రాసు చేరింది. 1938లో ‘సేవాసదనం’ సినిమా, 1940లో ‘శకుంతల’, అదే ఏడు రాజాజీ అనుచరుడు టి. సదాశివంతో పెళ్లి. 1941లో ‘సావిత్రి’ సినిమాలో ఆమె నారదుడి వేషం వేసింది. ఎందుకంటే సదాశివం, కల్కి కృష్ణమూర్తి కలిసి పెట్టబోతున్న ‘కల్కి’ పత్రికకు పెట్టుబడి కావాలి. పాతికేళ్ల ఆడమనిషి మొగవేషం కట్టి సంపాదించిన డబ్బుతో ఒక పత్రిక పుట్టింది. పత్రికలో ఉత్తరాలు రాసుకునే నాలాంటి వాళ్లకు ఈ సంగతి కొంచెం గుచ్చుకోవాలి.

1944 ఫిబ్రవరిలో ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలోనే కస్తూర్బా పోయారు. ఆమె పేరిట స్మారక నిధి మొదలైంది. ఆ నిధి కోసం సుబ్బులక్ష్మి వరసగా కచేరీలు చేసింది, వచ్చిన టికెట్ల డబ్బంతా నిధికే ఇచ్చింది. సాయం కచేరీల లెక్క అక్కడ మొదలు. ఇంట్లో ఆస్తులు మూలుగుతున్న రోజులేం కావవి. పత్రిక పెట్టి మూడేళ్లే అయింది.

ఇక ‘మీరా’ సినిమా. అమెరికన్ దర్శకుడు ఎల్లిస్ డంగన్ తీసిన తమిళ ‘మీరా’ 1945 దీపావళికి వచ్చింది. దాన్ని హిందీలో మళ్లీ తీయడంతో అసలు దాటడం మొదలైంది. కర్ణాటక సంగీతం పాడేవాళ్లు హిందీ సినిమాలో మీరా భజనలు పాడితే ఆ రోజుల్లో రెండు వైపుల నుంచీ తిట్లు తప్పవు. ఇటు మద్రాసు సభల వాళ్లు ముఖం చిట్లిస్తారు, అటు ఉత్తరాది వాళ్లు ఉచ్చారణ పట్టుకుని ఏకుతారు. ఆమె రెండోదానికి భయపడినట్టుంది, మొదటిదానికి కాదు. భజనల కోసం దిలీప్ కుమార్ రాయ్ దగ్గర కూర్చుని నేర్చుకుంది. హిందుస్తానీ కోసం కాశీ నుంచి సిద్ధేశ్వరీ దేవి మద్రాసు వచ్చి వీళ్లింట్లోనే ఉండి నేర్పింది. ఆ సిద్ధేశ్వరీ దేవే తర్వాత మా ఢిల్లీకి వచ్చి శ్రీరామ్ భారతీయ కళా కేంద్రలో పాఠాలు చెప్పింది, ఈ ఊళ్లోనే పోయింది. పేరున్న గాయని మళ్లీ పలకా బలపం పట్టుకుని కూర్చోవడమే ఈ కథలో నాకు బాగా నచ్చిన భాగం. ఇప్పటి భాషలో క్రాసోవర్ అంటే ట్యూను కింద డ్రమ్ము బీటు వేయడం అనుకుంటున్నారు కొందరు. పోనీలెండి.

హిందీ ‘మీరా’ 1947లో వచ్చింది. సినిమా మొదట్లో తెర మీదికొచ్చి ఆమెను ఉత్తరాదికి పరిచయం చేసింది ఎవరనుకున్నారు? మన హైదరాబాదు సరోజినీ నాయుడు. తనను లోకం పిలిచే కోకిల బిరుదును తీసి ఈ పిల్లకిచ్చేసింది. ఢిల్లీలో జరిగిన తొలి ప్రదర్శనకు నెహ్రూ, మౌంట్‌బాటెన్ దంపతులు వచ్చారు. ఆ తర్వాత ఆమె ఇంకే సినిమాలోనూ నటించలేదు. ఉత్తరాది తలుపు పూర్తిగా తెరుచుకున్నాక, ఇక నాలుగు డబ్బులు చేసుకోవచ్చు అనుకునే చోట, సినిమా ఆగిపోయింది.

ఇప్పుడు అసలు కథ. దీనికోసం నేను మళ్లీ ఒకసారి తీస్ జనవరి మార్గ్‌కు వెళ్లాను. నిజం చెప్పాలంటే రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి సోమవారం, గాంధీ స్మృతికి ఆ రోజు సెలవు. ఈ ఊళ్లో ఇన్నేళ్లున్నా ఆ మాత్రం గుర్తుండదు నాకు. మంగళవారం పొగమంచులో లోక్ కళ్యాణ్ మార్గ్ మెట్రో దగ్గర దిగి ఆటో ఎక్కాను.

అప్పట్లో ఆ ఇల్లు బిర్లా హౌస్. 1947 సెప్టెంబరు 9న గాంధీజీ కలకత్తా నుంచి ఢిల్లీ వచ్చారు. అంతకుముందు ఢిల్లీ వస్తే ఆయన బస మందిర్ మార్గ్‌లోని వాల్మీకి కాలనీలో, పారిశుధ్య కార్మికుల మధ్య. ఈసారి అక్కడ చోటు లేదు. కాలనీ నిండా పంజాబు నుంచి వచ్చిన శరణార్థులు. పాతకోటలో, హుమాయూన్ సమాధి దగ్గర పాకిస్తాన్ వెళ్లాల్సిన ముస్లింల శిబిరాలు. ఊరంతా కత్తిపోట్లు, కర్ఫ్యూ. అందుకే ఆయన్ను బిర్లా హౌస్‌లో దింపారు.

అక్టోబరు 2 ఆయన డెబ్బై ఎనిమిదో పుట్టినరోజు. దానికి కాస్త ముందు ఢిల్లీ నుంచి మద్రాసుకు కబురు వెళ్లింది. ‘హరి తుమ హరో’ అనే మీరా భజన సుబ్బులక్ష్మి గొంతులో వినాలని బాపూ కోరుతున్నారు అని. సదాశివం ఇబ్బందిపడ్డాడు. ఆ భజన ఆమెకు రాదు, రానిది పాడి పంపడం బాగుండదు, బాగా వచ్చినవాళ్లెవరిచేతైనా పాడించండి అని జవాబిచ్చాడు. మళ్లీ కబురొచ్చింది. ఇంకొకరు పాడగా వినేకంటే సుబ్బులక్ష్మి మాటల్లా చదివినా సరే, అదే కావాలట. ఇంక తప్పుతుందా? ఆర్. వైద్యనాథన్ అప్పటికప్పుడు వరస కట్టాడు. మద్రాసు రేడియో స్టేషన్లో రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని ఆమె నేర్చుకుంటూనే పాడింది. ఆ రికార్డు విమానంలో ఢిల్లీ చేరింది. పుట్టినరోజున బాపూ విన్నారు.

ఆ రోజు ఆయన మనసు ఎలా ఉందో మనకు తెలుసు. శుభాకాంక్షలు చెప్పడానికి వచ్చినవాళ్లతో, ఇవి శుభాకాంక్షలు చెప్పాల్సిన రోజులా, సంతాపం చెబితే సరిపోతుంది కదా అన్న అర్థంలో మాట్లాడారు. ఆ ఇంట్లో, ఆ ఊళ్లో, బాధలు తీర్చమని హరిని అడిగే పాట. బిర్లా హౌస్ వరండాలో నిలబడి నేను అదే ఆలోచించాను. గదిలో ఆయన పరుపు, రాట్నం, చిన్న బల్ల అలాగే ఉన్నాయి. బయట తోటలో ఆయన చివరి అడుగులు సిమెంటులో పోసి ఉంచారు. బడిపిల్లలు ఆ అడుగుల పక్కనే వరసగా నడుస్తూ లెక్కపెడుతున్నారు, ఒకడు ప్రతిసారీ లెక్క తప్పి వెనక్కి పరిగెడుతున్నాడు.

నాలుగు నెలలకు, జనవరి 30న, మద్రాసులో వాళ్లు రేడియో దగ్గర ఉన్నారు. గాంధీజీని కాల్చారన్న వార్త వచ్చింది. వార్త తర్వాత ఆ పాటే వేశారు. తన గొంతు తనకే వినిపించగానే ఆమె సొమ్మసిల్లి పడిపోయిందని తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. ఢిల్లీ రేడియో నుంచి తెలుగు వార్తలు విని పెరిగిన నాకు, ఒక వార్త తర్వాత వచ్చే పాట ఎంతసేపు చెవిలో ఉండిపోతుందో తెలుసు.

ఆ తర్వాత సాయం కచేరీలు ఆమె జీవితంలో భాగం అయిపోయాయి. ఆసుపత్రులకు, బళ్లకు, గుళ్లకు, వరద బాధితులకు. అవి రెండు వందలు దాటాయనీ, వచ్చిన సొమ్ము కోటి రూపాయల పైమాటేననీ లెక్కగట్టారు. ఆ కాలపు కోటి. 1963లో రికార్డయిన వేంకటేశ్వర సుప్రభాతం రాయల్టీ తిరుమల తిరుపతి దేవస్థానం వేదపాఠశాలకు పోయింది. 1966 అక్టోబరులో ఐక్యరాజ్యసమితిలో పాడింది. 1974లో రామన్ మెగసెసె అవార్డు వచ్చింది, అదీ ప్రజాసేవ విభాగంలో.

ఒక మాట ఇక్కడ చెప్పకపోతే మనసొప్పదు. ఈ కచేరీలు ఎవరికి, ఎప్పుడు, ఎంతకు అన్నదంతా సదాశివం చూసుకునేవాడు. ఏం పాడాలో కూడా చాలాసార్లు ఆయనే. సభలో ముందువరసలో కూర్చుని సైగ చేసేవాడని చూసినవాళ్లు రాశారు. ఇవ్వడంలో ఆమె ఇష్టమెంత, ఆయన పట్టుదల ఎంత అని టి.జె.ఎస్. జార్జ్ రాసిన జీవితచరిత్ర చదివినప్పుడల్లా నాకు సందేహం వస్తుంది. ఆ దాతృత్వాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ దేవదాసీ ఇంట్లో పుట్టి, ఆ బతుకు నుంచి బయటపడిన మనిషికి, చివరిదాకా పర్సు చేతిలో లేదు. మద్రాసు ప్రభుత్వం దేవదాసీ వ్యవస్థను రద్దుచేస్తూ చట్టం తెచ్చింది కూడా 1947లోనే, ఆ పాట ఢిల్లీకి విమానమెక్కిన ఏడే.

ఇచ్చి ఇచ్చి చివరికి ఏమైంది? కల్కి గార్డెన్స్ అనే పెద్ద ఇల్లు అమ్ముకుని చిన్న ఇంటికి మారారు. 1979 నాటికి పరిస్థితి బాగా చిక్కుగా ఉంది. తర్వాతి సంగతి మీలో చాలామంది పి.వి.ఆర్.కె. ప్రసాద్ పుస్తకంలో చదివే ఉంటారు. ఆయన అప్పుడు దేవస్థానం ఈవో. ఆమెకు సాయం చేయాలి, కానీ అభిమానం దెబ్బతినకూడదు. ఊరికే ఇస్తే ఆమె పుచ్చుకోదు. అందుకని పని ఇచ్చారు. అన్నమయ్య కీర్తనలూ స్తోత్రాలూ పాడి ఐదు ఎల్‌పీ రికార్డులు చేయాలి. అదే ‘బాలాజీ పంచరత్నమాల’.

అప్పటికామెకు అరవై మూడు. ముప్ఫైలో హిందీకి కూర్చున్నట్టే ఈసారి తెలుగుకు కూర్చుంది. నేదునూరి కృష్ణమూర్తి గారు స్వరపరిచిన కీర్తనలను ఆయన దగ్గరే పాఠం చేసింది. ‘నానాటి బతుకు’ను ఆయన రేవతిలో కట్టారు. ఆ రాగంలో తప్ప ఆ కీర్తన మనకిప్పుడు వినిపించదు. రెండు వందల కచేరీలు ఎవరెవరికో ఇచ్చినావిడకు ఆపదలో అన్నం పెట్టింది తాళ్లపాక తెలుగు అన్నమాట. ఇది చెబితే మా పక్కింటి మామిగారు నవ్వి, “మీ తెలుగువాళ్లు అన్నీ మీ ఖాతాలోనే వేసుకుంటారు” అన్నారు. నిజమే, కాస్త వేసుకున్నాను.

తిరుగు ప్రయాణంలో గోల్ మార్కెట్ పక్క దేవస్థానం వారి బాలాజీ గుడికి వెళ్లాను. వాల్మీకి కాలనీలో గాంధీజీ ఉన్న గది అక్కడికి దగ్గరే. చలికి వణుకుతూ బయట చెప్పులు చూసుకునే కుర్రాడు, బీహార్ అబ్బాయి, సుప్రభాతం కూనిరాగం తీస్తున్నాడు. సంస్కృతం మాటలు సగం తనవే. రాగం మాత్రం ఎక్కడా తప్పలేదు.

తెనాలి అమ్మాయీ, నువ్వడిగిన కుర్ర గాయని ఈవిడ. వచ్చే ఉత్తరంలో కావాలంటే ఇప్పటివాళ్ల గురించి రాస్తాను. మిగతావాళ్లకు ఒక మనవి. మీ నాన్నగారో తాతగారో ఢిల్లీలో ఉద్యోగం చేసి ఉంటే, పాత ట్రంకు పెట్టెల్లో ఎం.ఎస్. సాయం కచేరీ టికెట్టు ముక్కగానీ కరపత్రంగానీ దొరుకుతుందేమో ఒకసారి చూడండి. ఏ నిధికి పాడిందో, ముందువరస టికెట్టు ఎంతో, దానిమీద రాసి ఉంటుంది. అసలు మీ దగ్గరే ఉంచుకుని, ఫోటో తీసి పంపండి చాలు.

ఉంటాను.

మీ ఢిల్లీ నేస్తం