మంద్రస్వరం

వేదిక మీద ఒక వాద్యబృందం నిలిచినప్పుడు ప్రేక్షకుల దృష్టి ముందుగా గాయకునిపై పడుతుంది. తరువాత లీడ్ గిటార్ వాయించేవానిపై, ఆ తరువాత చేతులు గాలిలో ఆడిస్తూ డ్రమ్స్ మోగించేవానిపై పడుతుంది. వారికి కొంచెం వెనుకగా, యాంప్లిఫైయర్ పక్కన నిలబడి, నాలుగు లావుపాటి తీగలున్న గిటార్‌ను వాయించే యువకుణ్ణి చాలామంది చూడనే చూడరు. చూసినవారు కూడా అది మామూలు గిటారే అనుకుంటారు. కళాశాల వార్షికోత్సవం ముగిశాక కన్నతల్లే దగ్గరకు వచ్చి "నువ్వు వాయించింది మాకు వినపడలేదేమిరా?" అని అడగడం కద్దు. అతడు వాయించకపోయి ఉంటే ఆ పాట ఎట్లా వినిపించేదో ఆమెకు తెలియదు. విచారించవలసిన సంగతి ఏమంటే, చాలాసార్లు అతనికీ తెలియదు.

ఔత్సాహిక బృందాలలో బేస్ గిటార్ ఎవరో కోరి తీసుకున్న వాద్యం కాదు, అందరూ తలొకటి ఎంచుకోగా మిగిలిన వాద్యం. ముగ్గురు గిటారిస్టులు ఒకచోట చేరితే, వారిలో మొహమాటం ఎక్కువ ఉన్నవానికి అది దక్కుతుంది. ఈ పద్ధతి మన కళాశాలలకు, మన చర్చి గాయక బృందాలకు, పెళ్ళిళ్లలో సినిమా పాటలు వాయించే ఆర్కెస్ట్రాలకు మాత్రమే పరిమితం కాదు. లివర్‌పూల్‌కు చెందిన బీటిల్స్ బృందం 1961లో జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బులలో వాయిస్తున్న రోజుల్లో, అంతవరకు బేస్ వాయించిన స్టూవర్ట్ సట్‌క్లిఫ్ చిత్రకళను అభ్యసించడానికి బృందాన్ని విడిచిపెట్టాడు. ఆ స్థానంలోకి రావడానికి తక్కినవారు ఇష్టపడలేదు. చివరకు పాల్ మెకార్ట్నీ దానిని తలకెత్తుకున్నాడు. వయొలిన్ ఆకారంలో ఉన్న హాఫ్‌నర్ బేస్ గిటార్ ఒకటి ఆ ఊళ్లోనే కొన్నాడు. అతనిది ఎడమచేతి వాటం. రెండు వైపులా ఒకే తీరుగా ఉన్న వాద్యమైతే చూపరులకు ఎబ్బెట్టుగా ఉండదనుకున్నాడు. అది 1972లో లండన్‌లో దొంగతనానికి గురై, యాభై ఏళ్లు దాటాక దొరికింది. ఆ సంగతి 2024లో ప్రకటించినప్పుడు ప్రపంచంలోని పత్రికలన్నీ రాశాయి. ఒకనాడు ఎవరికీ అక్కరలేని స్థానం అది!

ఈ వాద్యం వయస్సు కూడా చిన్నదే. అంతకుముందు మంద్రస్థాయి స్వరాల కోసం మనిషి కంటె ఎత్తైన డబుల్ బేస్‌ను నిలబెట్టి వాయించేవారు. దాన్ని మోసుకు తిరగడం ఒక యాతన. డ్రమ్స్ హోరులో దాని ధ్వని మునిగిపోవడం మరొక యాతన. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసే వృత్తి నుంచి వచ్చిన లియో ఫెండర్ 1951లో దానికి ఒక పరిష్కారం తెచ్చాడు. మెడలో వేలాడదీసుకొని వాయించగల విద్యుత్ బేస్ గిటార్‌ను మార్కెట్టులో ప్రవేశపెట్టాడు. వీణకు వలె దీనికీ మెట్లున్నాయి కనుక స్వరం కచ్చితంగా పలుకుతుందన్న ఉద్దేశంతో దానికి 'ప్రెసిషన్ బేస్' అని పేరు పెట్టాడు. విశేషమేమంటే ఫెండర్‌కు గిటార్ వాయించడం రాదు.

భరతుని నాట్యశాస్త్రం వాద్యాలను తతం, అవనద్ధం, ఘనం, సుషిరం అని నాలుగు విధాలుగా విభజించింది. ఆ లెక్కన బేస్ గిటార్ తీగలున్న తతవాద్యమే. కాని అది చేసే పనిలో సగం చర్మం బిగించిన అవనద్ధవాద్యానిది. ఈ రహస్యం తెలియకనే కొత్తవారు అనేకులు బేస్‌ను తక్కువ తీగలున్న గిటార్‌గా భావించి, అవకాశం దొరికినప్పుడల్లా వేళ్ల వేగం ప్రదర్శించబోతారు. వారు మొట్టమొదట చెవి పెట్టవలసింది గిటార్‌కు కాదు, డ్రమ్స్‌లో కాలితో తొక్కి మోగించే పెద్ద డోలుకు. దానిని కిక్ డ్రమ్ అంటారు. ఆ డోలు దెబ్బ, బేస్ తీగ మీటు రెండూ ఒక్క క్షణంలో పడితే వినేవానికి రెండు ధ్వనులుగా తోచవు. లావుపాటి తీగకే డోలు గుండె అమర్చినట్లుంటుంది. ఒకటి వెనుకా ఒకటి ముందూ పడితే పాట మొత్తం బురదలో నడిచినట్లుంటుంది. కారణమేమిటో శ్రోత చెప్పలేడు గాని కాసేపటికి లేచి వెళ్లిపోతాడు. అందుచేత బృందమంతా కలిసే సాధనకు ముందు వీరిద్దరూ విడిగా ఒక గంట కూర్చొని, గాయకుడూ కీబోర్డూ లేకుండా పాటను ఆసాంతం వాయించి చూసుకోవాలి. ఇంటివద్ద ఒంటరిగా చేసే సాధనకు మెట్రోనోమ్ తోడు ఉండనే ఉంది. అది టక్కుమన్న ప్రతిసారీ స్వరం పలికించడం సులభం. దాన్ని సగం వేగానికి తగ్గించి, రెండవ దెబ్బకూ నాలుగవ దెబ్బకూ మాత్రమే మోగేటట్లు భావించుకొని తక్కినది తానే నిలబెట్టుకోవడం కష్టం. ఆ కష్టమే మేలు చేస్తుంది.

స్వరాన్ని ఎప్పుడు పలికించాలో అందరూ నేర్చుకుంటారు; ఎప్పుడు ఆపాలో నేర్చుకునేవారు తక్కువ. మంద్రస్వరం ఒకసారి బయలుదేరితే తనంతట తాను త్వరగా ఆగదు. వాయించని పక్క తీగలు కూడా దానితోపాటు సన్నగా కంపిస్తూ గుంయిమంటుంటాయి. కుడిచేతి బొటనవేలిని పై తీగల మీద ఆనించి ఉంచడం, ఎడమచేతి వేలిని తీగపై నుంచి పూర్తిగా ఎత్తకుండా కొంచెం వదులు చేయడం అనే రెండు అలవాట్లతో ఈ గోల సద్దుమణుగుతుంది. పద్యం చదివేటప్పుడు యతిస్థానం ఎక్కడుందో సామాన్య శ్రోత లెక్కపెట్టడు. యతి తప్పితే మాత్రం అతని చెవికి ఎక్కడో ముల్లు గుచ్చుకుంటుంది. బేస్‌లో నిశ్శబ్దం అటువంటిది.

ఇక ధ్వని సంగతి. ఔత్సాహిక బృందాలు చీలిపోవడానికి కారణాలు వెదికితే సగం ఈ యాంప్లిఫైయర్ మీటల దగ్గరే దొరుకుతాయి. యువకుడు ఇంట్లో తలుపు వేసుకొని సాధన చేస్తూ, లోతైన ధ్వనిని పూర్తిగా పెంచి, మధ్యస్థాయిని పూర్తిగా తగ్గించి, గోడలు అదురుతుంటే మురిసిపోతాడు. అదే అమరికతో బృందంలో నిలబడితే అతని ధ్వని మాయమవుతుంది. లోతు భాగాన్ని కిక్ డ్రమ్ మింగుతుంది. స్వరాన్ని గుర్తుపట్టడానికి చెవికి ఆధారమైన మధ్యస్థాయి ఎలాగూ లేదు. 'నాది వినపడటం లేదు' అని అతడు మొత్తం ధ్వని పెంచుతాడు. అది చూసి గిటారిస్టు పెంచుతాడు. డ్రమ్మర్ ఇంకా బలంగా కొడతాడు. గాయకుని గొంతు బొంగురుపోతుంది. ఆ రాత్రి మాటా మాటా పెరిగి మరునాడు ఎవరూ సాధనకు రారు. మధ్యస్థాయిని కాస్త పెంచి, లోతును కాస్త తగ్గించి ఉంటే ఈ రభస జరిగేది కాదు. ఒంటరిగా విన్నప్పుడు ఆ ధ్వని అంత ఇంపుగా ఉండకపోవచ్చు. కాని అది ఒంటరిగా వినడానికి ఉద్దేశించినది కాదు గదా!

దీనికి తోడు గది చేసే మాయ ఒకటుంది. బేస్‌లోని అతి లావుపాటి తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. ఆ ధ్వనితరంగం పొడవు ఎనిమిది మీటర్లకు పైమాటే. ఇంత పొడవైన తరంగం చిన్న గదిలో గోడలకు తగిలి తిరిగి వచ్చి, ఒకచోట రెట్టింపై, మరొకచోట తనను తానే రద్దు చేసుకుంటుంది. యాంప్లిఫైయర్‌ను మూలకు నెడితే హోరు హెచ్చుతుంది. అరచేతి మందాన ఉన్న స్వరం చాపంత అవుతుంది. పైగా చిన్న యాంప్లిఫైయర్‌ను నేల మీద పెడితే స్పష్టమైన ధ్వని మోకాళ్ల పక్కనుంచి ప్రేక్షకుల వైపు పోతుంది. వాయించేవానికి చెవులున్నది మోకాళ్లకు కాదు! దానిని ఒక కుర్చీ మీద పెట్టినా, వెనుకకు వాల్చి చెవి వైపు తిప్పినా చాలు. కార్యక్రమానికి ముందు పొడవైన కేబుల్ తగిలించుకొని హాలు మధ్య వరకు నడిచి ఒక్కసారి విని రావడం అన్నిటికంటె మంచిది. ఆ వెంటనే మరొక మాట గుర్తుంచుకోవాలి. ఖాళీ హాలు వేరు, జనం నిండిన హాలు వేరు.

మన ప్రాంతపు బృందాలలో ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు కీబోర్డు ఎడమచేయి. బేస్ లేనప్పుడు ఆ లోటు తీర్చడానికి కీబోర్డు వాయించేవారు ఎడమచేతితో మంద్రస్వరాలు పలికించడం అలవాటు చేసుకుంటారు. బేస్ వచ్చిన తరువాత కూడా ఆ చేయి ఊరుకోదు. ఇద్దరు ఒకే మాటను ఒకేసారి చెరొక తీరున చెప్పినట్లవుతుంది. ఈ విషయాన్ని నలుగురిలో కాక, విడిగా, స్నేహంగా చెప్పి ఒప్పించుకోవాలి. ఇళయరాజా స్వరపరచిన పాటలు వాయించదలచినవారికి ఇది మరీ అవసరం. ఆయన పాటలలో బేస్ వరుస తరచుగా రెండవ రాగంలా తన దారిన తాను నడుస్తుంది. దానిని విని విని, నోటితో పాడగలిగిన తరువాతనే తీగపై వెదకాలి. అంతా వేళ్లకు లొంగకపోతే సిగ్గుపడవలసిన పని లేదు. ప్రతి ఆవృత్తంలో మొదటి దెబ్బకు మూలస్వరాన్ని, మధ్యలో దాని పంచమాన్ని నిలిపితే పాట నిలుస్తుంది. సగం వచ్చిన కఠినమైన వరుస కంటె పూర్తిగా వచ్చిన తేలిక వరుస మేలు.

వేదికపై పొరపాటు జరుగుతుంది. జరగనివాడు ఇంకా పుట్టలేదు. బేస్‌లో తప్పు స్వరం నుంచి ఒప్పు స్వరం చాలాసార్లు ఒక మెట్టు దూరంలోనే ఉంటుంది; వేలిని అక్కడికి జార్చితే అదొక గమకమని శ్రోతలు సంతోషిస్తారు. క్షమించరానిది తప్పు స్వరం కాదు, తప్పు జరిగిందని చెయ్యి ఆపేయడం. స్వరం తప్పినా లయ తప్పకూడదు. ముఖం చిట్లించడం కూడా అనవసరం.

ఇంతగా ఒదిగి ఉండటంలో కళాకారునికి మిగిలేదేమిటని ఎవరైనా అడిగితే జేమ్స్ జేమర్సన్‌ను తలచుకోవాలి. అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో మోటౌన్ సంస్థ రికార్డింగులకు 1960ల నుంచి బేస్ వాయించినవాడాయన. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే తీగలు మీటేవాడు. దేశమంతా నృత్యం చేసిన ఆ పాటల రికార్డులపై అతని పేరు ఉండేది కాదు. మార్విన్ గే 1971లో వెలువరించిన 'వాట్స్ గోయింగ్ ఆన్' సంపుటిపైనే ఆ పేరు అచ్చయింది. 1983లో మరణించే నాటికి అతనికి 47 ఏళ్లు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతనికి స్థానం దొరికింది 2000లో. ఈ కథలో న్యాయం ఆలస్యమైందని బాధపడవలసిందే. ఒదిగి ఉండటం వేరు, పేరు దాచేయడం వేరు. బృందంలో కరపత్రం అచ్చువేయించే బాధ్యత తీసుకున్నవారు బేస్ వాయించేవాని పేరు మరచిపోకుండా చేర్చడం కనీస మర్యాద.

సంగీతం కంటె ముఖ్యమైనది ఒకటుంది. అది ప్రాణం. గిటార్ తీగలు యాంప్లిఫైయర్ ద్వారా ఎర్త్‌కు కలిసి ఉంటాయి. యాంప్లిఫైయర్‌కు ఒకచోటి నుంచి, మైకుకు మరొకచోటి నుంచి విద్యుత్తు ఇచ్చి, ఎందులోనైనా ఎర్త్ లోపిస్తే, తీగలు పట్టుకున్న చేతితో ఉండగా పెదవి మైకుకు తగిలినప్పుడు దెబ్బ కొడుతుంది. స్టోన్ ద క్రోస్ బృందంలోని గిటారిస్టు లెస్లీ హార్వే 1972లో వేల్స్ దేశపు స్వాన్సీ నగరంలో, వేదిక మీదనే, ఎర్త్ లేని మైకును తాకి మరణించాడు. మన ఊళ్ల షామియానాలలో, జనరేటర్ల పక్కన, ప్లగ్గు సాకెట్‌లో పట్టలేదని మూడవ పిన్ను విరగ్గొట్టడం సర్వసాధారణం. అటువంటి ప్లగ్గు కనబడితే వాయించనని చెప్పడానికి బేస్ వాద్యకారుడు వెనుదీయకూడదు. నిర్వాహకులు పెద్దవారైనా, సభ ఆలస్యమైనా సరే.

శరీరం సంగతి కూడా కొంత చూసుకోవాలి. ఈ గిటార్ సుమారు నాలుగు కిలోల బరువుంటుంది. సన్నని పట్టీతో మూడు గంటలు మోస్తే ఎడమ భుజం మరునాడు లెక్క అడుగుతుంది. వెడల్పాటి పట్టీ వాడాలి. 85 డెసిబెల్స్ దాటిన ధ్వనిలో గంటల తరబడి ఉంటే వినికిడి క్రమంగా దెబ్బతింటుంది. పోయిన వినికిడి తిరిగి రాదు కనుక చెవులలో ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోవడం నామోషీ కాదు.

సంచిలో ఒక అదనపు కేబుల్, ఒక ట్యూనర్, లోపల బ్యాటరీతో పనిచేసే రకం గిటార్ అయితే ఒక కొత్త 9 వోల్టుల బ్యాటరీ ఉండాలి. అటువంటి గిటార్‌లకు కేబుల్ తగిలించి ఉన్నంతసేపూ, వాయించకపోయినా, బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. కార్యక్రమం ముగిసి జనం గాయకుని చుట్టూ మూగినప్పుడు, ఆ సందడిలో కేబుల్ ఊడదీయడం మరచిపోయేవారు ఎక్కువ. యాంప్లిఫైయర్ ధ్వనిని ముందు సున్నాకు తగ్గించి, తరువాత కేబుల్ తీసి చుట్టుకొని, పొడిబట్టతో తీగలపై చెమట తుడిచి, గిటార్‌ను సంచిలో పెట్టుకోవాలి. డ్రమ్స్ విప్పి మోయడానికి డ్రమ్మర్‌కు ఒక చేయి సాయం పట్టి, మళ్లీ సాధన ఏ రోజో, ఎన్ని గంటలకో అతణ్ణి అడిగి ఇంటికి వెళ్లాలి.