తేదీ అడిగినప్పుడు ఆగి ఉంటే

మా మామయ్యది కోనసీమ. కొబ్బరి రైతు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను ఆయన తోటలో సగం చెట్లను పడగొట్టింది. ఆ మరుసటి ఏడు నుంచి ఆయన లెక్కలు రాయడం మొదలుపెట్టారు. ఏ కార్తెలో ఎన్ని మిల్లీమీటర్ల వాన పడింది, ఏ దింపుకి ఎన్ని కాయలు దిగాయి, కాలవకి నీళ్లు ఏ రోజు వదిలారు, ఏ రోజు కట్టేశారు, అన్నీ తేదీలతో సహా. చాలా ఏళ్లు నోటు పుస్తకాల్లోనే రాసుకున్నారు. 2016లో ఎవరో ఆఫీసువాళ్లు అమ్మేస్తుంటే ఒక చిన్న డెస్క్‌టాప్ కొని ఆయనకిచ్చింది నేనే. ఎక్సెల్ నేర్పింది నేనే. ఆ లెక్కల్లో రెండేళ్లకు పైగా పోగొట్టిందీ నేనే.

2020లో మామయ్య, అత్తయ్య హైదరాబాదులో కూతురి దగ్గరికి వెళ్తూ ఆ సీపీయూని ప్లాస్టిక్ కవరులో బిగించి అటకెక్కించారు. తిరిగొచ్చి ఇల్లు సర్దుకున్నాక, 2024 సంక్రాంతికి నేను వెళ్లినప్పుడు దాన్ని కిందికి దింపారు. నాలుగు వానాకాలాల చెమ్మ ఆ కవరులోనే ఉండిపోయింది. లోపల బల్లి గుడ్ల పెంకులున్నాయి. స్క్రూల తలలు తుప్పుపట్టాయి. కానీ ఇవన్నీ నేను తర్వాత చూసినవి. ముందు చేసిన పని, ప్లగ్గు పెట్టి స్విచ్ నొక్కడం.

అది నా మొదటి తప్పు. చెమ్మ పట్టిన బోర్డుకి కరెంటిస్తే కాలిపోవచ్చు. మూత తీసి, దుమ్ము దులిపి, పొడిగా ఉన్న గదిలో ఒక రోజు ఆరనిచ్చి, అప్పుడు కదా కరెంటివ్వాలి! అదృష్టం బాగుండి ఏమీ కాలలేదు. ఫ్యాను తిరిగింది, బీప్‌లు వినిపించాయి, తెర మాత్రం వెలగలేదు. ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచును పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, మళ్లీ పెట్టాను. తెర వెలిగింది. అత్తయ్య అరిసెల పళ్లెం పట్టుకొచ్చి, "మావాడి చెయ్యి పడితే చాలు" అంది. ఆ మాట నాకు బాగా రుచించింది. తర్వాత చేసిన తప్పులన్నీ ఆ రుచితో చేసినవే.

వెలిగిన తెర మీద మొదట కనిపించింది ఒక చిన్న హెచ్చరిక. తేదీ, సమయం సరిగా లేవు, సరిచేయండి, లేదా ముందుకు వెళ్లడానికి ఎఫ్1 నొక్కండి అని. నేను ఎఫ్1 నొక్కాను. ఏ కంప్యూటరైనా చాలాకాలం తర్వాత తేదీ మర్చిపోతుందిలే అనుకున్నాను. ఎందుకు మర్చిపోయిందని నన్ను నేను అడగలేదు.

మరుక్షణం ఇంకో మాట వచ్చింది, బూట్ అవడానికి డిస్కు ఏదీ దొరకలేదని. విండోస్ పాడైపోయిందని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. నా బ్యాగులో విండోస్ 10 ఉన్న పెన్‌డ్రైవ్ ఎప్పుడూ ఉంటుంది. అది పెట్టాను. మామయ్య వెనకాలే నిలబడి, "ఒరేయ్, అందులో నా లెక్కలున్నాయిరా. పోవు కదా?" అన్నారు. "డి డ్రైవ్‌లో ఉన్నాయి కదా మామయ్యా, దానికేం కాదు" అన్నాను.

ఇన్‌స్టాల్ మధ్యలో ఆగింది. ఈ డిస్కు ఎంబీఆర్ పద్ధతిలో ఉంది, జీపీటీ పద్ధతిలో ఉంటేనే ఎక్కుతానని చెప్పింది. డిస్కును భాగాలుగా పంచుకోవడానికి ఎంబీఆర్ పాత పద్ధతి, జీపీటీ కొత్తది. నాకది తెలుసు. అటకెక్కేదాకా ఇదే మిషను ఇదే డిస్కు మీద నడిచింది కదా, ఇవాళ పద్ధతెందుకు నచ్చలేదని ఒక్క నిమిషం ఆలోచిస్తే సరిపోయేది. భోజనానికి పిలుపు వచ్చింది. అందరూ చూస్తున్నారు. భాగాలన్నీ డిలీట్ చేసి నెక్స్ట్ నొక్కేశాను. సి ఏదో, డి ఏదో ఆ నిమిషంలో నేను చూడలేదు. అరగంటలో విండోస్ ఎక్కింది, డి డ్రైవ్ లేదు.

ఆ సాయంత్రం మామయ్యతో నిజం చెప్పలేకపోయాను. రేపు సర్దుతానన్నాను.

మర్నాడు పొద్దున్న ఆయనే కంప్యూటర్ ఆన్ చేశారు. రాత్రి గోడ స్విచ్ ఆపడం ఆ ఇంట్లో అలవాటు. తెర మూల చూసి నన్ను పిలిచారు. "దీనికి తేదీ నిలవట్లేదురా. పాత ఏడు చూపిస్తోంది." తేదీ తప్పుగా ఉండటంతో ఏ వెబ్‌సైటూ తెరుచుకోవడం లేదు. అప్పుడు మూత తీసి, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి బ్యాటరీకి మీటరు పెట్టాను. మూడు వోల్టులు చూపించాల్సింది ఒక వోల్టు కూడా చూపించలేదు.

నిన్న జరిగిందంతా ఆ క్షణంలో ఒక్కటొక్కటిగా అర్థమైంది. ఆ బ్యాటరీ పేరు సీఆర్2032. ప్లగ్గులో ఉన్నంతకాలం కంప్యూటర్ ఆపేసినా లోపలి గడియారం కరెంటు మీదే నడుస్తుంది, బ్యాటరీ మీద భారం పడదు. ప్లగ్గు తీసి అటకెక్కిస్తే ఆ గడియారాన్ని పగలూ రాత్రీ ఆ బిళ్లే నడపాలి. పాత బిళ్ల నాలుగేళ్లలో అడుగంటింది. దాంతో పాటు బయోస్‌లో, అంటే కంప్యూటర్ మొదలవుతూనే నడిచే ప్రోగ్రాములో, మనం మార్చి పెట్టుకున్న సెట్టింగులు పోయి, ఫ్యాక్టరీలో పెట్టినవి వచ్చాయి. ఆ మిషనులో విండోస్ 7ని పాత లెగసీ పద్ధతిలో ఎక్కించి ఉన్నారు. ఫ్యాక్టరీ సెట్టింగు కొత్త పద్ధతి, యూఈఎఫ్ఐ. అందుకే కళ్లెదురుగా ఉన్న డిస్కును అది గుర్తించలేదు, ఇన్‌స్టాల్ జీపీటీ కావాలంది. డిస్కుకి ఏమీ కాలేదు, విండోస్‌కి ఏమీ కాలేదు. కొత్త బ్యాటరీ వేసి, బయోస్‌లో యూఈఎఫ్ఐ తీసి లెగసీ పెడితే మామయ్య లెక్కలు యథాతథంగా తెరుచుకునేవి. అప్పుడు బజారులో ఆ బిళ్ల నలభై రూపాయలు ఉండేది.

అప్పుడు మామయ్యని కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పోనీలేరా, కావాలని చేశావా" అన్నారు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ డిస్కును ఇక వాడకుండా తీసి కాకినాడలో డేటా తీసే దుకాణానికి పట్టుకెళ్లాను. భాగాలు డిలీట్ చేసినంత మాత్రాన లోపలి ఫైళ్లు చెరిగిపోవు. వాటి మీద కొత్తవి రాసినచోటే పోతాయి. నేను ఏకంగా విండోస్‌నే రాసేశాను. ఆ డిస్కులోనే ఉన్న పెళ్లి ఫొటోలు చాలావరకు వచ్చాయి. లెక్కల ఫైలుది ఒక పాత కాపీ దొరికింది, 2017 డిసెంబరు దాకా. ఆ తర్వాతవి రాలేదు.

అప్పటినుంచి ఎవరింట్లోనైనా మూలపడ్డ కంప్యూటర్ ముట్టుకునేముందు కొన్ని పనులు తప్పకుండా చేస్తున్నాను. ముందు మూత తీసి చూస్తాను, తుడుస్తాను, ఆరనిస్తాను. స్విచ్ నొక్కకముందే డిస్కు విప్పి, యూఎస్‌బీ కేబుల్‌తో నా ల్యాప్‌టాప్‌కి తగిలించి, ఉన్నదంతా కాపీ చేస్తాను. ఆ తర్వాత బిళ్ల మారుస్తాను. ఒకసారికి ఒక్కటే మార్చి, ఏం మార్చానో కాగితం మీద రాస్తాను. తెర మీద ఏ మాట వచ్చినా ఫొటో తీసి, అర్థమయ్యేదాకా ఏ మీటా నొక్కను. బాగా నడుస్తున్న మిషనైతే, అటకెక్కించే ముందే బయోస్ పేజీలన్నీ ఫొటోలు తీసి డబ్బాకి అంటిస్తాను.

వీటన్నిటికంటే ముందు నాకు నేను చెప్పుకునే మాట ఒకటుంది. కంప్యూటర్ ఆన్ కానంత మాత్రాన అందులో ఉన్నది ఏదీ పోయినట్టు కాదు. ఆ రోజు మిషను రెండుసార్లు నాతో నిజమే చెప్పింది. రెండుసార్లూ నేను దాన్ని దాటుకుని వెళ్లాను.

మామయ్య మళ్లీ నోటు పుస్తకంలోకి వచ్చారు. కిందటిసారి వెళ్లినప్పుడు ఆ పుస్తకం తిరగేశాను. పోయిన ఏళ్లని గుర్తున్నంతవరకు మళ్లీ రాసుకున్నారు. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. ఆ రోజు ఎదురుగా వాన అంకె వేసి, పక్కన "సుమారు" అని రాశారు. ఇరవై ఏళ్ల పాత పుస్తకాలన్నీ వెతికాను. ఆ మాట ఇంకెక్కడా లేదు.