పాదిరిగారి పరుగు

గుణదలలో కాపురం వుండేవాళ్ళకి ఫిబ్రవరి నెల వచ్చిందంటే ఇల్లు ఇల్లుగా వుండదు. తొమ్మిదో తారీకునుంచి పదకొండుదాకా మేరీమాత తిరనాళ్ళు. 1924లో ఆర్లాటి అనే ఇటలీ ఫాదిరి ఇక్కడి కొండ గుహలో మాత విగ్రహం పెట్టించాడు. ఫ్రాన్సులో లూర్దు అనే వూళ్ళో 1858 ఫిబ్రవరి 11న ఒక పేదపిల్లకు మాత కనిపించిందని నమ్మిక. ఆ లెక్క ప్రకారం ఏటేటా మా వీధివీధికీ చుట్టాలు దిగుతారు. కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలిస్తారు. మా అమ్మ దుర్గగుడికి ఎంత భక్తితో వెళ్ళేదో ఈ కొండకీ అంత భక్తితోనూ వెళ్ళేది. “ఇద్దరూ అమ్మలేగా” అనేది. సర్వమత సామరస్యం మీద నేను క్లాసులో గంటసేపు చెప్పే పాఠం కంటె ఆ ఒక్క మాటే బాగుంటుందని ఒప్పుకోక తప్పదు.

ఆ లూర్దులోనే మరో విశేషం వుంది. 1958 నుంచీ అక్కడికి దేశదేశాల సైనికులు యూనిఫారాలతో యాత్రకి వస్తున్నారు. ఒకప్పుడు ఒకరి నొకరు కాల్చుకున్న ఫ్రెంచివాళ్ళూ, జర్మనులూ పక్కపక్కన నిలబడి కొవ్వొత్తులు వెలిగిస్తారట. తుపాకీ పట్టినవాడికి ఈ కొవ్వొత్తుల గొడవ ఏమిటని మీరనవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, నా శిష్యుడొకడు ముప్పైయయిదో యేట సైన్యంలో పాదిరిగా చేరతానని బయలుదేరేదాకా.

అతను డిగ్రీలో నా దగ్గర తెలుగు చదివాడు. తరవాత దైవశాస్త్రం చదివి, గురువుగా అభిషేకం పొంది, దివిసీమలో ఒక చిన్న చర్చికి పాస్టరుగా వెళ్ళాడు. ఆదివారం కానుకల్లో నాలుగు నోట్లు, పంట చేతికొచ్చినప్పుడు బస్తా ధాన్యం, అదీ రాబడి. భార్య విజయవాడలో నర్సు. ఇద్దరు పిల్లలు. మా ఇంటికి నాలుగిళ్ళవతల అద్దెకుండేవారు.

2022లో ఒకనాటి సాయంత్రం చేతిలో ఒక ప్రకటన కాగితం పట్టుకుని వచ్చాడు. “మాస్టారూ, చూడండి” అన్నాడు. చూశాను. సైన్యానికి ధర్మగురువులు కావాలట. పండిట్, గ్రంథి, మౌల్వీ, పాదిరి, బౌద్ధ గురువు. వయస్సు 25 నుంచి 36 దాకా. ఏదో ఒక డిగ్రీ వుండాలి. పాదిరికయితే అభిషేకం జరిగి వుండాలి, బిషప్ గారి ఆమోదం పొందిన జాబితాలో పేరుండాలి. చేరేటప్పుడే నాయబ్ సుబేదారు హోదా; భుజంమీద ఒక నక్షత్రం. మన వైపు “పండిట్” అంటే బళ్ళో తెలుగు చెప్పే అయ్యవారు. సైన్యంలో మాత్రం గుళ్ళో పూజ చేసే అయ్యవారు. ఆ సంగతి తెలియక మా తెలుగు పండితులెవరైనా దరఖాస్తు పెట్టారేమో కనుక్కోవాలి.

నాకు మొదట నవ్వొచ్చింది. పదిహేడున్నరేళ్ళ కుర్రాళ్ళు చేరే చోటికి, మోకాళ్ళు పట్టేసే వయస్సులో ఈయన వెళ్ళడమేమిటి! కాగితం కింద ఇంకో మాట వుంది: 1,600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి. దేవుడికి దగ్గర కావడానికి గడియారం పెట్టడం అక్కడే చూశాను.

తరవాత ఉద్యోగ ధర్మాలు చదివాను. నవ్వు ఆగిపోయింది. చనిపోయినవారి అంత్యక్రియలకు హాజరు కావాలి. ఆసుపత్రుల్లో రోగుల దగ్గర కూర్చోవాలి. కోలుకుంటున్నవాళ్ళతో ప్రార్థనలు చదవాలి. శిక్ష అనుభవిస్తున్న సిపాయిలను చూడబోవాలి. సైనికుల పిల్లలకు ధర్మం చెప్పాలి. ఎక్కడా యుద్ధమనే మాట లేదు. ఉన్నదంతా యుద్ధం వెళ్ళిపోయాక మిగిలే పనే.

మాటల పుట్టుక వెదకడం నా జబ్బు. ఇంగ్లీషులో సైన్యపు గురువును చాప్లెయిన్ అంటారు. దాని మూలం ఒక దుప్పటి. నాలుగో శతాబ్దంలో మార్టిన్ అనే రోమను సిపాయి చలికి వణికే బిచ్చగాడికి తన పై వస్త్రాన్ని కత్తితో సగం కోసి ఇచ్చాడట. అతనే తరవాత బిషప్పయ్యాడు. మిగిలిన ఆ సగం వస్త్రాన్ని రాజులు దాచుకుంటే, దాన్ని కాపాడే పూజారుల పేరునుంచి ఈ మాట వచ్చిందంటారు. మన “పాదిరి” పోర్చుగీసువాడిచ్చిన మాట. ఇక సైన్యంలో తెలుగువాడికేం తక్కువ? 1857 నాటి ఢిల్లీ ఉర్దూ పత్రికలు సిపాయిని “తిలంగా” అన్నాయి. కుంఫిణీవాడి పటాలాల్లో మొదట తెలుగువాళ్ళు అంతమంది వుండబట్టే ఆ పేరు పడింది. ఉత్తరాది ఊళ్ళు మనవాణ్ణి తుపాకితో గుర్తుంచుకున్నాయి కాని, వాడి భాషతో కాదు.

ఈ మాట నేనంటే అతను వాళ్ళ నాన్న సంగతి చెప్పాడు. ఆయన మద్రాసు రెజిమెంటులో హవల్దారుగా చేసి రిటైరయిన మనిషి. 1987లో శాంతిసేనతో శ్రీలంక వెళ్ళి కాలికి గుండు తగిలి, ఒక సైనిక ఆసుపత్రిలో పడున్నాడు. పక్క మంచంమీద మనవైపు కుర్రాడు, బతకడని అందరికీ తెలుసు. పాదిరిగారు వచ్చాడు. మిజో దేశస్థుడు, మంచివాడు. ఆయనకి హిందీ, ఇంగ్లీషు వచ్చు. కుర్రాడికి ఆ స్థితిలో తెలుగు తప్ప మరేదీ నోట రాలేదు. హవల్దారు మంచంమీంచి వంగి, వాడు అన్నదల్లా ఆయనకీ, ఆయన అన్నదల్లా వాడికీ తెల్లవారుజాము దాకా చెప్పాడట. “మా నాన్నకి ప్రార్థన చెయ్యడం రాదు మాస్టారూ. ఆ ఒక్క రాత్రే చేశాడు, అదీ ఇంకొకరి ప్రార్థన.”

హవల్దారు పోయి అప్పటికి రెండేళ్ళు.

వారం తిరక్కుండా ఆ అమ్మాయి మా ఇంటికొచ్చింది, డ్యూటీ దిగి తిన్నగా. మా ఆవిడ కాఫీ ఇస్తే పుచ్చుకోలేదు.

“మాస్టారుగారూ, ఆయన మీ మాట వింటాడు. వద్దని చెప్పండి. జీతం మంచిదే, నాకూ తెలుసు. పిల్లాడికి ఆరేళ్ళు, పిల్లకి మూడు. కొండల్లో పోస్టింగయితే మమ్మల్ని తీసుకెళ్ళనివ్వరు. చనిపోయేవాళ్ళ దగ్గర కూర్చోవడం సేవంటాడు. నేను రోజూ చేసేదేమిటండీ? నైట్ డ్యూటీ చేసి ఇంటికొచ్చి వంట చేస్తాను. నేనెప్పుడూ అదొక పిలుపని అనలేదే!”

ఆమె అన్నదాంట్లో ఒక్క మాట తీసెయ్యడానికి లేదు. ఇరవయ్యేళ్ళు అలంకారశాస్త్రం చెప్పిన నాకు జవాబు దొరకలేదు. చివరికి, “వద్దని చెప్పనమ్మా. కాని నువ్వన్న మాట అన్నట్టే అతనితో చెబుతాను” అన్నాను. “అది నేనూ చెప్పాను లెండి” అని వెళ్ళిపోయింది.

చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, “దాని పని గొప్పదే. నాది చిన్నదే. చిన్నదయినా నాదేగా” అన్నాడు. సరే, ఇంకో ప్రశ్న వేశాను. “సైన్యంలో నీ దగ్గరికి వచ్చేవాడు హిందువయితే? సాయెబయితే?” చాలా పటాలాల్లో గుడి, మసీదు, గురుద్వారా, చర్చి ఒకే కప్పు కింద వుంటాయని, దాన్ని సర్వధర్మ స్థలం అంటారని వాళ్ళ నాన్న చెప్పగా విన్నాడట. “అమ్మమ్మగారు కొండెక్కి కొబ్బరికాయ కొట్టేవారు కదండీ, అప్పుడు ఫాదరుగారేం చేసేవారో అదే చేస్తాను” అన్నాడు. మా అమ్మని ఉదాహరిస్తే ఇక నేనేమనగలను?

ఆపైన రోజూ తెల్లవారుజామున ఏలూరు కాలువ గట్టు వెంబడి పరుగు. పాస్టరుగారు నిక్కరేసుకుని పరుగెత్తడం పాలవాళ్ళకి వేడుకయింది. మొదటి రోజు పది నిమిషాల పైన పట్టింది. నేను గడియారం పట్టుకుని గట్టుమీద నిలబడేవాణ్ణి. నాకు నలభై ఆరు. ఏ ప్రకటనా నన్ను పిలవదు. అయినా అతను రొప్పుతూ వచ్చి నా ముందు ఆగినప్పుడల్లా నా కాళ్ళలో కూడా ఏదో కదిలేది. ఒకరోజు ఆ అమ్మాయి గట్టు మీదికి వచ్చింది. ఏమీ అనకుండా మంచినీళ్ళ సీసా ఇచ్చి, అతని నాడి చూసి, “ముందు నెమ్మదిగా మొదలుపెట్టు, చివర వేగం పెంచు” అని చెప్పి వెళ్ళింది. ఒప్పుకున్నట్టు కాదు. గుండె ఆగిపోకూడదని.

రాత పరీక్షలూ, ఇంటర్వ్యూ అన్నీ గట్టెక్కాడు. పూనాలోని జాతీయ సమైక్యతా సంస్థలో ధర్మగురువులకి శిక్షణ. అక్కడ పండిట్‌జీ, మౌల్వీసాబు, గ్రంథీజీ, ఇతనూ కలిసి చదివారు. తరవాత ఉత్తరానికి వేశారు. ఎక్కడన్నది రాయను.

కిందటి శీతాకాలం రాత్రి పదింటికి ఫోను. “మాస్టారూ, బుగత అంటే ఎవరు?” కుశలప్రశ్నలు కూడా లేవు. శ్రీకాకుళం కుర్రాడొకడు సెలవు దాటి ఆలస్యంగా తిరిగొచ్చి శిక్షలో వున్నాడట. ఎందుకాలస్యమైందని ఎవరడిగినా నోరు విప్పడం లేదు. ఇతను వెళ్ళి, “మీ వూళ్ళో ఉడుపులయ్యాయా?” అని మాత్రం అడిగి ఊరుకున్నాడు. మూడోనాటికి ఒక్క మాట అన్నాడు: “బుగతకి చెప్పుకోవాల.” కృష్ణాజిల్లా పాదిరికి ఆ మాట కొత్త.

“ఆ వైపు భూస్వామిని అలా అంటారు నాయనా. మన వైపు కామందు అన్నట్టు.”

“అయితే పొలం సంగతన్నమాట. అప్పు కాబోలు. వుంటాను మాస్టారూ, వాడింకా మేలుకునే వున్నాడు” అని పెట్టేశాడు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర ఆ అమ్మాయి కనపడింది. పిల్లాణ్ణి బడికి దింపి వస్తోంది. “ఆయన దగ్గర్నుంచి ఫోనొచ్చి నాలుగు రోజులైందండీ. సిగ్నల్ వుండదేమో. మీకేమైనా చేశాడా?” అంది.

చేశాడన్నాను.