పర్మిట్ రూమ్‌లో చిరువడ్డనలు

హైదరాబాద్‌లోని ఏ పేటలోనైనా, స్పెయిన్‌లో ద్రాక్షసారా పక్కన చిన్న ప్లేట్లలో వడ్డించే టాపాస్‌కు దగ్గరి చుట్టాన్ని వెతకాలంటే, ‘వైన్స్’ అని బోర్డు పెట్టి ఎక్కువగా విస్కీ, బ్రాందీ, బీరు అమ్మే దుకాణాన్ని ఆనుకొని ఉండే పర్మిట్ రూమ్‌ను, అంటే కొన్న మందును అక్కడే తాగేందుకు ఎక్సైజ్ శాఖ అనుమతించిన గదిని చూడాలి. అక్కడ ‘స్టఫ్’ అని పిలిచే నంజుడులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపిన పల్లీలు, శనగలు ఉడికించి తాలింపు వేసిన గుడాలు, మిరియాల పొడి చల్లిన గుడ్డు, మేక పేగులతో చేసే బోటీ వేపుడు ఉంటాయి. వీటిలో గుడాలకు దక్కవలసినంత గౌరవం ఏ వంటల పుస్తకంలోనూ దక్కలేదనిపిస్తుంది. కొవ్వు, మాంసకృత్తులు ఉన్న తిండి జీర్ణాశయంలో ఉంటే మద్యం చిన్నపేగును ఆలస్యంగా చేరుతుంది కనుక మత్తు మెల్లగా ఎక్కుతుంది, అయితే అదే తిండిలోని ఉప్పు దాహాన్ని పెంచి మరో గ్లాసు అడిగిస్తుంది. హైదరాబాద్‌లో 2004లో మూతబడి 2014లో మళ్లీ తెరుచుకున్న కల్లు కాంపౌండ్లలోనూ, అంటే ఈత, తాటి కల్లు అమ్మే ఆవరణల్లోనూ, ఇదే తరహా తిండి దొరుకుతుంది. కాకపోతే పర్మిట్ రూమ్‌లో దాదాపు కనిపించని ఆడవాళ్లు అక్కడ మగవాళ్లతో పాటు కూర్చుని తాగుతారు.