మంచు తరువాత పుంజు కూత

2014 జనవరిలో నేను అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానికి, నైరుతి మూల కొండల నడుమ ఉన్న ఒక చిన్న సంఘానికి అతిథిగా వెళ్ళి ఆరు నెలలు ఉన్నాను. నాకు బస ఇచ్చినది డెబ్బయి దాటిన ఒక పాడి రైతు. కొన్ని రాత్రులు చలి సున్నాకు 25 డిగ్రీలు దిగువకు పోయేది. సంక్రాంతి చలికే రెండు దుప్పట్లు అడిగేవాడిని, అక్కడ ఎలా నెగ్గుకొచ్చానో చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి.

పెద్దాయనకు ఒకటే దిగులు, అడవి టర్కీ కోళ్ళు. మన పెరళ్ళలో కొందరు పెంచే టర్కీకి ఇవి బంధువులే గాని సన్నగా ఉంటాయి, ఎగురుతాయి, రాత్రి చెట్టెక్కి నిద్రపోతాయి. వేట వలన, అడవులు నరకడం వలన 1880ల నాటికే ఆ రాష్ట్రంలో ఇవి అంతరించాయి. 1976లో మిస్సోరి రాష్ట్రం నుండి కొన్నిటిని తెచ్చి ఆ కొండల్లో వదిలారు. అవి పెరిగాక 1983లో మొదటిసారి వసంతకాలపు వేటకు అనుమతిచ్చారు. ఆ తొలి ఏళ్ళ నుండి వేటాడిన మనిషి ఈయన. జూలైలో మోకాలి ఆపరేషన్ ఉంది గనుక ఇదే తన చివరి వేట అనుకుంటున్నాడు.

“ఈ చలికి అవి చావవా?” అని అడిగాను.

“చలి చంపదు పాస్టర్ గారూ, ఆకలి చంపుతుంది” అన్నాడు. మంచు పిండిలా వదులుగా అడుగుకు మించి పడితే టర్కీ నడవలేదు. చెట్టు మీదే రోజుల తరబడి పస్తుంటుంది. పైన పెచ్చు గట్టిపడితే గచ్చు మీద నడిచినట్టు నడిచి మేతకు పోతుంది. ఆయన రోజూ పేడను పొలంలో మంచు మీద చల్లేవాడు. అందులో ఆవులకు అరగని మొక్కజొన్న గింజల కోసం టర్కీలు బారులు తీరేవి. పేడలో గింజలేరే కోళ్ళను మన ఊళ్ళో ఎన్ని చూడలేదు!

ఒక రాత్రి భోజనాల దగ్గర కొంచెం కటువుగానే అన్నాను, “ఇంత చలికాలం దాటి బ్రతికినవాటిని కాల్చడమెందుకు?” ఆయన నొచ్చుకోలేదు. వసంతంలో, రొమ్ము మీద గడ్డంలా కుచ్చు వేలాడే పక్షినే కాల్చాలి. అంటే దాదాపుగా పుంజులనే. ఒక పుంజు పెక్కు పెట్టలతో జతకడుతుంది కాబట్టి కొన్ని పోయినా పిల్లలు తగ్గవు. పర్మిట్లు కూడా చీటీ తీసినట్టు వారాలవారీగా ఇస్తారు. నా సందేహం పూర్తిగా తీరిందని చెప్పను గాని, ఆ మాట అన్న తీరుకు సిగ్గుపడ్డాను.

ఆయనకు వచ్చినది ఏప్రిల్ మూడో బుధవారంతో మొదలయ్యే మొదటి వారం. తెల్లవారకముందే చెట్టుకు ఆనుకొని కూర్చున్నాం. వాగుల నీడల్లో మంచు ఇంకా కరగలేదు. పుంజులు మాత్రం కూశాయి. వాటికి కూత పుట్టించేది ముఖ్యంగా పగటి పొడవు, ఎండ వేడిమి కాదు. ఆయన పెట్టలా పిలిచాడు. పుంజు బదులిచ్చింది గాని కదలలేదు. వసంతం ఆలస్యమై పెట్టలింకా దాని చుట్టూ గుంపుగానే ఉన్నాయి. చుట్టూ ఇన్ని ఉండగా కనబడని పెట్ట కోసం ఎందుకొస్తుంది? వారమంతా వట్టి చేతులతోనే తిరిగి వచ్చాం.

మే నెలలో పెట్టలు పది పన్నెండు గుడ్లు పెట్టి పొదగబట్టాయి. ఒంటరైన పుంజులు పిలుపుకు పరుగెత్తి రాసాగాయి. అప్పటికి పర్మిట్ ఉన్నది కాలేజీ చదివే ఆయన మనవరాలికి. తాత పిలిచాడు, ఆమె కాల్చింది. ఆయన ఆ పుంజును ఇంటిదాకా తానే మోసుకొచ్చాడు, కుంటుతూ.

పచ్చగడ్డి కోసేటప్పుడు కంచె పక్క ఒక పట్టీ వదిలేశాడు. అక్కడ ఒక పెట్ట పొదుగుతోంది. 28 రోజుల పొదుగుడు. పిల్లలు లేచిన వారానికే, జూన్‌లో, రెండు రోజులు చల్లని ముసురు పట్టింది. నూగు తడిస్తే పిల్లలు వణికి చచ్చిపోతాయట. చలికాలమంతా లేని భయం ఆ రెండు రోజులు ఆయన ముఖంలో చూశాను.

“ఎన్ని పోయాయో ఇప్పుడు తెలియదు. ఎక్కువగా కూసేవి రెండేళ్ళ పుంజులు. 2016 వసంతంలో కొండ మీద ఎన్ని కూస్తాయో వింటే తెలుస్తుంది” అన్నాడు. తరువాత మోకాలు నిమురుకుంటూ, “వినడానికి కాళ్ళెందుకు, వరండాలో కుర్చీ చాలు” అన్నాడు.