పంట మునిగిన ఏట కోతపండుగ



మన పల్లె సంఘాలలో "వందనాలు" తర్వాత ఎక్కువగా వినిపించే మాట "స్తోత్రం". గేదె ఈనితే స్తోత్రం. పిల్లవాడు పదవ తరగతి గట్టెక్కితే స్తోత్రం. బస్సు వేళకు వస్తే స్తోత్రం. మా సంఘంలో ఒక తాతగారు తుమ్మినా స్తోత్రమే అంటారు! ఇందులో ఎగతాళి చేయవలసింది ఏమీ లేదు. నోటికి అలవాటయ్యే మాట ఏదో ఒకటి ఉంటుంది గనుక, అది మంచి మాట కావడం మేలే. అయితే ఆ మాట గొంతు దాటి రాని రోజులు కూడ ఉంటాయి. వాటి సంగతి మనం సాక్ష్యపు కూటాలలో అంతగా చెప్పుకోము. జబ్బు తగ్గినవారు, అప్పు తీరినవారు, ఉద్యోగం వచ్చినవారు లేచి నిలబడతారు. ఇంకా జబ్బుతోనే ఉన్నవారు, అప్పులోనే ఉన్నవారు వెనక చాపమీద కూర్చుని వింటారు. ఈ వ్యాసం వారిని తలంచుకొని రాస్తున్నాను.

ప్రతి విషయమునందు కృతజ్ఞత చెల్లించమని అపొస్తలుడైన పౌలు థెస్సలొనీకయ సంఘానికి రాసిన మాట మనకందరికీ తెలుసు (1 థెస్స. 5:18). అది సుఖంగా ఉన్నవారికి రాసిన ఉత్తరం కాదు. వారు చాలా శ్రమలో వాక్యాన్ని అంగీకరించారని, స్వదేశస్థుల చేతనే బాధలు పడ్డారని అదే పత్రికలో ముందే చెప్పాడు. శ్రమలో ఉన్న ఆ కొత్త విశ్వాసులకే పౌలు కృతజ్ఞత సంగతి రాశాడు. "ప్రతి విషయమునందు" అన్నాడు. ఆ "అందు" అనే చిన్న మాటను పట్టుకొని నేను చాలా సంవత్సరాలు బ్రతికాను. దానికి కారణం మా పెద్దమ్మ.

1977 నవంబరు 19 శనివారం దివిసీమను ఉప్పెన ముంచింది. వేలాదిమంది చనిపోయారు. మా పెద్దమ్మ కుటుంబం అప్పుడు నాగాయలంక వైపు ఉండేది. ఆమె ఇద్దరు బిడ్డలు ఆ నీళ్లలో పోయారు. తర్వాత ఆమె మా ఊరు వచ్చేసి చాలా ఏళ్లు మాతోనే ఉంది. తెల్లవారుజామున లేచి మోకాళ్లూని ప్రార్థన చేసేది. నేను పక్క మంచంలో పడుకొని వినేదాన్ని. బావిలో నీళ్లున్నందుకు, తనను చేరదీసిన మా అమ్మ కోసం, ఆ రాత్రి తాటిచెట్టును పట్టుకోనిచ్చిన చేతుల కోసం ఆమె దేవునికి స్తోత్రం చెప్పేది. ఆ ఉప్పెన కోసం మాత్రం ఒక్కసారి కూడ స్తోత్రం చెప్పలేదు. బిడ్డల పేర్లు చెప్పి ఏడ్చేది, ఆ తర్వాత మళ్లీ స్తోత్రాల్లోకి వచ్చేది. ఉప్పెన మంచిదని ఆమె దేవునితో అబద్ధం చెప్పలేదు. ఉప్పెన వచ్చిందని దేవునితో మాట మానలేదు.

"ఎఫెసీ పత్రికలో సమస్తమును గూర్చి స్తోత్రం చెప్పమని ఉంది కదమ్మా" అని మీలో కొందరు అడుగవచ్చు. అవును, 5:20లో ఉంది. అయితే అక్కడికి నాలుగు వచనాల ముందే పౌలు ఆ దినములు చెడ్డవని కూడ రాశాడు. చెడ్డదాన్ని చెడ్డదని అన్న కలమే కృతజ్ఞత గురించి కూడ రాసింది. మన ప్రభువు లాజరు సమాధి దగ్గర ముందు కన్నీరు విడిచాడు. ఆ తర్వాత అదే సమాధి దగ్గర కన్నులు పైకెత్తి తండ్రికి కృతజ్ఞత చెల్లించాడు (యోహాను 11). ఏడ్చినందుకు ఆయన విశ్వాసం తగ్గిందని ఎవరమైనా అనగలమా?

అందుకే శవం లేచిన ఇంటికి పోయి, మూడో రోజు కూడ కాకముందే "అన్నింటికీ స్తోత్రం చెప్పమ్మా" అనేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని స్తోత్రం ఎవరికివారు దేవునికి అర్పించే బలి. ఇంకొకరి ఇంటికి వెళ్లి వసూలు చేసే చందా కాదు.

ఇక 2023వ సంవత్సరం సంగతి. డిసెంబరు 5న, మంగళవారం, మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. డెల్టాలో అది కోతల వేళ. రైతు చేతికి పంట రావడానికి వారం పది రోజులే ఉన్న సమయం. మా తమ్ముడు 4 ఎకరాల కౌలురైతు. తుపాను వస్తుందని రేడియో, టీవీ, ఫోను అన్నీ చెప్పాయి. చెప్పినా, ఊరంతటికీ ఒకేసారి కోత మిషన్లు ఎక్కడినుండి వస్తాయి? 2 ఎకరాలు మనుషులతో కోయించాడు. అవి పనలమీద ఉన్నాయి. మిగతా 2 ఎకరాల సాంబ మసూరి నిలబడి ఉంది. కోసిన పనలు నీళ్లలో తేలాయి, నిలబడినది నేలకొరిగింది. నీరు తీసేసరికి వెన్నులమీదే మొలకలు వచ్చాయి. పచ్చగా, చూడడానికి ఎంతో అందంగా ఉండే ఆ మొలకను చూసి ఏడవనివాడు రైతు కాడు.

భార్యాభర్తలిద్దరూ పనలను గట్టుమీదికి మోశారు. తిరగేసి తిరగేసి ఆరబెట్టారు. మామూలు ఏడు ఎకరానికి 30 బస్తాలు చూసిన చేలు అవి. ఆ ఏడు 4 ఎకరాలకూ కలిపి 70 బస్తాలు వచ్చాయి, అవీ రంగు మారినవి. తేమ 17 శాతం లోపు ఉంటేనే ఎవరైనా సరైన ధర మాట్లాడేది. మా తమ్ముడి ధాన్యాన్ని గుప్పిట్లోకి తీసికొని చూసిన వ్యాపారి ధర కూడ చెప్పకుండా తిరిగి కుప్పలో పోసేశాడు. కౌలు ఎకరానికి 15 బస్తాలు, అంటే 60. ఎరువుల కొట్లో అప్పు వేరే. కూతురి కాలేజీ ఫీజు వేరే. పొలం ఆసామి మనిషి గనుక కౌలులో 10 బస్తాలు తగ్గించాడు. దేవుడు ఆయనను దీవించును గాక.

మా సంఘంలో కోతపండుగ జనవరి నెలాఖరు ఆదివారం. తెలియని పట్నం పిల్లల కోసం చెప్తున్నాను: ఆ రోజు గుడి నిండా వరి పనలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కొబ్బరికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు ఉంటాయి. ఆరాధన అయ్యాక వేలంపాట. ఒక్క కోడిగుడ్డు చేతులు మారి మారి వందల రూపాయలు పలుకుతుంది. కొన్నవారే మళ్లీ వేలానికి ఇచ్చేస్తారు. ఆ కోడి కూతలు ప్రసంగంలో పడకుండా చూడడం ఏ పెద్దకూ సాధ్యం కాలేదు. మా తమ్ముడు ఏటా ఒక బస్తా ధాన్యం భుజాన పెట్టుకొని తెచ్చేవాడు.

ఆ ఏడు సంఘ పెద్దలు కూర్చున్నారు. పండుగ మానుదామని కొందరు అన్నారు. "పంటే లేనప్పుడు పంటల పండుగ ఏమిటి? ఉన్నవారు తెస్తారు, లేనివారు సిగ్గుపడతారు" అన్న ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. మా తమ్ముడయితే తెగేసి చెప్పాడు. "అక్కా, నేను రాను. ఏమని చెప్పమంటావ్ స్తోత్రం? మొలకెత్తిన వడ్లు చూపించి చెప్పనా?" నేను బదులు చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ నాకు కనబడలేదు. హబక్కూకు ప్రవక్తయినా చేలు పైరు ఇవ్వకపోవడం, దొడ్డిలో పశువులు లేకపోవడం ఒక్కొక్కటీ లెక్కపెట్టి చెప్పిన తర్వాతే గదా ప్రభువునందు ఆనందిస్తానన్నాడు. మా తమ్ముడు ఇంకా లెక్కపెట్టే దగ్గరే ఉన్నాడు.

అదే సాయంత్రం వారి వంటింట్లో నేను చూసినది ఇక్కడ చెప్పాలి. మా మరదలు ఎసరు పెట్టింది. రేషను బియ్యం చేటలో పోసింది. కడగడానికి ముందు పిడికెడు తీసి మూలనున్న పాత పాలడబ్బాలో వేసింది. మన తెలుగు సంఘాలలో "పిడికెడు బియ్యం" మీ అందరికీ తెలిసినదే. బీద సంఘం కూడ ఇవ్వగలదని నమ్మి నేర్పించిన పెద్దలు మనకున్నారు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్యగారు అట్టివారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. పల్లెలలోని కూలి జనం మధ్య పనిచేస్తూ క్రైస్తవుడు దేవునికి ఇవ్వడాన్ని గురించి ఆయన పుస్తకమే రాశాడు. రూపాయి లేని స్త్రీ కూడ రోజుకు రెండుసార్లు దేవునికి ఇవ్వగలిగేది ఈ పిడికెడు బియ్యంతోనే.

"ఈ నెలంతా కూడ తీశావా?" అని అడిగాను.

"తీయకేం వదినా" అంది.

"మీకే చాలట్లేదు గదమ్మా."

ఆమె నావైపు తిరిగి, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "వండకముందు తీసేది గదా వదినా! అన్నం సరిపోయిందో లేదో చూసుకొని తీస్తే అది పిడికెడు బియ్యం ఎట్టా అవుద్ది? మిగిలిన కూడు అవుద్ది."

ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఆదివార బడిలో ముప్పై ఏళ్లు నేనే చెప్పాను. కృతజ్ఞత గురించి ఇంత సూటిగా ఎవరూ చెప్పగా వినలేదు. అయిదు రొట్టెలు పట్టుకొని ప్రభువు కృతజ్ఞత చెల్లించిన సమయానికి అవి ఇంకా అయిదే. జనం తృప్తిగా తిన్న తర్వాత, గంపలు ఎత్తిన తర్వాత చెల్లించినది కాదది. తాను అప్పగింపబడిన రాత్రి రొట్టె పట్టుకొని కృతజ్ఞత చెల్లించినప్పుడు సిలువ ఇంకా ముందే ఉంది.

ఆ నెల స్త్రీల సమాజం డబ్బాలన్నీ ఒకచోట పోస్తే 38 ఇళ్లనుండి 90 కిలోల పైచిలుకు బియ్యం వచ్చింది. మామూలుగా అమ్మి ఆ డబ్బు సంఘానికి ఇస్తారు. ఈసారి అమ్మలేదు. కోతలు, నూర్పిళ్లు పోయి కూలి దొరకని ఇళ్లకు పంచారు. ఎవరి ఇంటికి ఎంత వెళ్లిందో రాసిన కాగితాన్ని పాస్టరమ్మగారు చించేశారు. అది కూడ నాకు నచ్చింది.

పండుగ చేయాలనే చివరకు తీర్మానించారు. అయితే అయ్యగారు ఒక మార్పు చేశారు. ఉన్నది ఉన్నట్టు తెమ్మన్నారు. దానితో గుడిలోకి గుమ్మడికాయల పక్కన మొలకెత్తిన పనలు, నల్లబడిన వడ్లు కూడ వచ్చాయి. ఆరాధన మొదట్లో ఆయన స్తోత్రగీతం ఎత్తుకోలేదు. ఏ కుటుంబానికి ఎన్ని ఎకరాలు పోయాయో, ఎవరి గేదె చనిపోయిందో, ఎవరి పాక కూలిందో కాగితం చూసి దేవుని ఎదుట చదివారు. మా తమ్ముడి 4 ఎకరాలు కూడ అందులో ఉన్నాయి. గుడిలో చీమ చిటుక్కుమంటే వినబడేది.

తర్వాత అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తీశారు. ఖైదీగా పౌలును తీసికొనిపోతున్న ఓడ పెనుగాలిలో చిక్కింది. 14 దినములు ఎవరూ సరిగా తినలేదు. ఓడ పోతుందనీ మనుషులు మాత్రం దక్కుతారనీ పౌలుకు దేవదూత ముందే తెలియజేశాడు. తెల్లవారబోతుండగా పౌలు రొట్టె పట్టుకొని అందరి ఎదుట దేవునికి కృతజ్ఞత చెల్లించి తిన్నాడు. అది చూసి ఓడలో ఉన్న 276 మందీ ధైర్యం తెచ్చుకొని తిన్నారు. "తర్వాత వారు చేసిన పనేమిటో చూశారా?" అని అయ్యగారు అడిగారు. ఓడ తేలిక చేయడానికి గోధుమలు సముద్రంలో పారబోశారు. అప్పటికి గాలి తగ్గలేదు, ఒడ్డు చేరలేదు, ఓడ ఎలాగూ ముక్కలైంది. ఇన్నేళ్లుగా ఆ అధ్యాయం చదువుతున్నాను గాని, ధాన్యం పోయినవారు వింటుండగా చదివినప్పుడు అది వేరే అధ్యాయంలా వినబడింది.

మా తమ్ముడు వచ్చాడు. రెండవ పాట అయ్యాక వచ్చి వెనక చాపమీద కూర్చున్నాడు. భుజాన బస్తా లేదు. మొలకెత్తిన పన ఒకటి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాడు. పాటలు పాడలేదు. ప్రార్థనలో తల వంచుకొని కూర్చున్నాడు. వేలంపాటలో మాత్రం ఎవరిదో కోడిపుంజు తప్పించుకొని పీఠం ఎక్కితే అందరితోపాటు నవ్వాడు. డిసెంబరు తర్వాత అతడు నవ్వగా నేను చూడడం అదే మొదలు.

అప్పటినుండి శనివారం రాత్రి మా రెండిళ్లవారం కలిసి కుటుంబ ప్రార్థన చేసుకుంటున్నాము. ఆ ఆదివారం అయ్యగారు చేసిన పద్ధతినే ఇంట్లో పెట్టుకున్నాము. ఒక్కొక్కరు ముందు ఆ వారంలో పోయినది, నొప్పి పెట్టినది చెప్పాలి. తర్వాత స్తోత్రం చెప్పాలి. కష్టం చెప్పకుండా స్తోత్రం చెప్తే ఒప్పుకోము. పిల్లలకు ఇది బాగా నచ్చింది, వారికి కష్టాలు ఎక్కువ గదా! నాల్గవ తరగతి చదివే మా మనవడు మొన్న పెన్సిలు పోయినదని, ఎవరు తీశారో తనకు తెలుసునని, అయినా సాయంత్రం వాడితోనే ఆడుకున్నానని, అందుకు స్తోత్రమని చెప్పాడు. మా మరదలికి కష్టం గుర్తు చేసుకోవడానికే ఎక్కువ సేపు పడుతుంది. మా తమ్ముడి వంతు వచ్చినప్పుడు మొదటి భాగం చాలా సేపు సాగుతుంది: ఎరువు ధర, కాలువ చివరిదాకా రాని నీరు, తీరని అప్పు. తర్వాత కొంచెంసేపు మౌనంగా ఉంటాడు. ఎవరమూ తొందరపెట్టము. రెండవ భాగం ఒక్కొక్కసారి ఒకే ఒక మాట. ఆ మాట అయ్యాక మా మరదలు లేచి ఎసరు పెట్టడానికి వెళ్తుంది.